గోదారక్క పాట

ఆ పాటల్లో అన్నిటికంటే ముందు వినిపించేది ఏసీ చప్పుడు. పాత కిటికీ ఏసీ. గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గురగురమంటూ, పాట అయిపోయేదాకా ఆగేది కాదు. ఆ చప్పుడులోనే స్టీలు పళ్లెం మీద చెంచాతో దరువు, ఖాళీ నీళ్ల క్యాను మీద అరచేత్తో దరువు. ఆ తర్వాత గొంతు లేచేది. దుమ్ము మింగి మింగి బొంగురుపోయిన గొంతు. ఒక పాట మధ్యలో ఎవరో తలుపు తీసి "అన్నా, నీళ్లొచ్చినయ్" అని చెప్పి వెళ్లిపోవడం కూడా వినిపించేది. దాన్ని తీసేయకుండా అలాగే పంపారు. మేము ఆ పాటనే ఎక్కువసార్లు విన్నాం.

మేము అంటే మస్కట్‌లో అజైబా అనే పేటలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గిన్నెలు కడిగేశాక మూడు గంటలు సెలవు. ఆరేడుగురం సముద్రపు ఒడ్డున ఒక ప్రహరీ నీడలో కూర్చునేవాళ్లం. మాలో ఎక్కువమందిమి కడప జిల్లా వాళ్లం, ఇద్దరు ముగ్గురు గోదావరి వాళ్లు. ఒకామె బావ దుక్మ్‌లో కంపెనీలో ఉండేవాడు. ఆ పాటలు మొదట ఆమె ఫోన్‌లోకే వచ్చాయి. దుక్మ్ అంటే బస్సెక్కితే పొద్దంతా పట్టే దూరం. కొత్త పోర్టు, ఎడారిలో క్యాంపులు అని వినడమే తప్ప మాలో ఎవరం చూడలేదు.

పాడేవాళ్లు నలుగురు. జగిత్యాల వైపు వాళ్లు, ఒకే కంపెనీ, ఒకే రూమ్. వాళ్లు తమకొక పేరు పెట్టుకోలేదు. మేమే దుక్మ్ తమ్ముళ్లు అని పిలుచుకున్నాం. వాళ్ల మాటల్లో సగం నాకు మొదట్లో తెలియలేదు. తెలియకుండానే ఏడుపు వచ్చింది. తెల్లారకముందే సైట్‌కి వెళ్లే బస్సులో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోవడం గురించి ఒక పాట. ఇంటికి ఫోన్ చేసి అన్నం బాగుందని అబద్ధం చెప్పడం గురించి ఒకటి. కింది మంచం మీద పడుకున్నవాడు పొద్దున లేవకపోతే, డ్యూటీకి టైమవుతోందని అతన్ని కోప్పడినవాడి పాట ఒకటి. ఆ పాట విన్న రోజు నేను మా మేడం అత్తగారికి, పెద్దావిడకు, మందులు ఇవ్వడం మరిచిపోయి మేడంతో తిట్లు తిన్నాను.

ప్రతి పాట చివరా ఒకతను మామూలు గొంతుతో "మంచిగనిపిస్తె ఈ నంబర్‌కు చెప్పుండ్రి" అని నంబరు చదివేవాడు. నేను వాయిస్ మెసేజ్ పెట్టాను. "తమ్ముడూ, నేను కడపామెను, అజైబాలో ఇంటి పనిలో ఉండాను. మీ పాటలు వింటాంటే మా ఇంటోళ్లు పక్కన కూర్చోని మాట్లాడినట్టే ఉండాది" అన్నాను. మర్నాడు జవాబు వచ్చింది. పాడే అతనే. "అక్కా, నువ్వు గట్లంటె మా కడుపు నిండింది. నీ దగ్గర ఏమన్న ముచ్చట ఉంటె చెప్పు, పాట గడ్తం. మాకు ఆడోళ్ల కష్టం తెల్వది." పాడేది తానైనా మాటలు కట్టేది తన రూమ్‌లోనే ఉండే ఇంకొకతనని, ఇద్దరూ రాడ్లు కట్టే పనిలో ఉన్నారని చెప్పాడు. అలా రెండేళ్లు మేము మాట్లాడుకున్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మా ఇంటి వెనక సందు దాటితే ఇంకో ఇల్లు. అందులో పనిచేసే ఆమె రాజమండ్రి దగ్గర పల్లెటూరి మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. వచ్చిన కొత్తల్లో ఆమెకు బయటికి వచ్చే సెలవు కూడా లేదు. సాయంత్రం నాలుగున్నరకు బట్టలు తీయడానికి నేను మా మిద్దె ఎక్కితే, ఆమె వాళ్ల డాబా ఎక్కేది. ఇంటి మగవాళ్ల తెల్లటి పొడుగు అంగీలు వరసగా వేలాడుతుండేవి. వాటి మధ్య నుంచి ముఖం బయటపెట్టి సందు మీదుగా మాట్లాడేది. ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడేది.

ఆ ఇంటివాళ్లు ఆమె ఫోన్ తీసి పెట్టుకున్నారు. నమ్మకం కుదిరాక ఇస్తామన్నారు. నమ్మకం కుదరడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో ఇంటావిడ తన ఫోన్‌లో చేయించిన కాల్స్ రెండో మూడో. అవి కూడా ఊళ్లో ఉన్న ఆమె పాప బడికో ఆటకో పోయిన వేళల్లో. పాపకు నాలుగేళ్లు. అత్తా ఆడపడుచూ చూసుకుంటున్నారు.

ఫోన్ చేతికొచ్చిన రోజు సాయంత్రం ఆమె నాకంటే ముందే డాబా మీద ఉంది.

"మాట్లాడినావా పాపతో?" అన్నాను.

"ఆయ్, మాట్లాడానండి. ఫోన్ అదే ఎత్తిందండి. అమ్మనే, అమ్మనే అంటున్నాను. 'ఎవరండీ మాట్లాడేది?' అందండి." నవ్వింది. "ఎంత మర్యాద నేర్పారో చూడండి మా ఆడపడుచు. అమ్మని పట్టుకుని అండీ అంటుందండి."

నేనూ నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను. తర్వాత రెండు రోజులు ఆమె అన్నం తినలేదని ఆ ఇంటి డ్రైవరు మా ఇంటి డ్రైవరుతో చెప్పాడు.

ఈ సంగతి నేను దుక్మ్ తమ్ముడికి చెప్పాను. ఆమెను అడగకుండా చెప్పాను. ఇప్పుడు ఇది రాసేటప్పుడు ఆమెను పోల్చుకోకుండా కొన్ని గుర్తులు మార్చాను. ఆ రోజు ఆ బుద్ధి రాలేదు. గోదావరి ఆమె అని, డాబా మీద బట్టలారేస్తుందని, పిల్ల 'ఎవరండీ' అందని అన్నీ చెప్పాను. రెండు వారాలకు పాట వచ్చింది.

*బంగ్ల మీద బట్టలారేసే గోదారక్కా,*
*గాలికి బట్టలారినయి, నీ కండ్లారలే.*
*అమ్మనే బిడ్డా అంటె ఎవరండీ అన్నది,*
*ఏ ఊరండీ అన్నది, ఏం కావాలండీ అన్నది.*

పళ్లెం దరువు లేదు, క్యాను దరువు లేదు. ఏసీ చప్పుడు, అతని గొంతు, అంతే. చివర 'ఎవరండీ' అనే మాట నాలుగుసార్లు అని, నాలుగోసారి పూర్తిచేయకుండా ఆగిపోయాడు.

భయపడుతూనే ఆమెకు వినిపించాను. అప్పటికి ఆమెకు శుక్రవారం సెలవు వచ్చింది. ఒడ్డున కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకుని మొత్తం వింది. మళ్లీ వింది.

"నా మీదేనాండి?"

"నీ మీదే మ్మే. నేనే చెప్పినా. తప్పు చేసినానేమో."

"తప్పేంటండి అక్కా? నా గురించి ఒకళ్లు కూర్చుని ఆలోచించారండి. మా ఇంట్లోనే ఎవళ్లూ ఆలోచించలేదు." కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ పాట తన ఊళ్లో తెలిసినవాళ్లందరికీ పంపింది. మొగుడికి, ఆడపడుచుకు, పిల్ల చదివే బడిలో టీచరమ్మకు. 'ఇది నా పాట' అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. అప్పటినుంచి ఒడ్డున ఆమె పేరు గోదారక్కే అయింది. తనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

ఆ తర్వాత తమ్ముళ్లకు పేరొచ్చింది. నలుగురిలో ఒకతను కంపెనీ వదిలి ఊరికి వెళ్లి యూట్యూబ్ చానల్ పెట్టించాడు. పాడే అతను కూడా వెనకాలే వెళ్లాడు. మేము సంతోషించాం. మొదటి కొత్త పాటలో ఏసీ చప్పుడు లేదు. స్టూడియోలో రికార్డ్ చేశారంటే ఇంకేం కావాలి అనుకున్నాం. రెండో దానిలో కీబోర్డ్, ఎవరివో ఈలలు. మూడోది సామాన్లు ఇంటికి పంపే ఒక కార్గో దుకాణం పాట. పోనీలే, వాళ్లూ బతకాలి కదా అన్నాం. నాలుగోది ఎవరో పెద్దమనిషి పుట్టినరోజు పాట. అది పెట్టినప్పుడు ఒడ్డున ఎవరం ఏమీ అనలేదు. ఒకామె మాత్రం "పాతవి పెట్టు మ్మే" అంది.

వాయిస్ మెసేజులు కూడా తగ్గాయి. నేను పెడితే, మూడు నాలుగు రోజులకు దండం పెట్టే బొమ్మ వచ్చేది.

మస్కట్‌లోనే ప్రోగ్రామ్ అని తెలిసింది. ఒక సంఘం వార్షికోత్సవం, శుక్రవారం మధ్యాహ్నం, పెద్ద హాలు. దుక్మ్ తమ్ముళ్లు వస్తున్నారు. నేను మేడంను నాలుగు రోజులు బతిమాలాను. పెద్దావిడను ఆ పూటకు కూతురింటికి పంపడానికి ఒప్పుకుంది. గోదారక్క పెట్టె అడుగున ఉన్న పసుపు చీర తీసి ఇస్త్రీ చేసుకుంది. వచ్చిన రోజు నుంచి ఆ చీర కట్టలేదట.

హాల్లో ముందు వరసలు కుటుంబాలవి. వెనక వరసల్లో కంపెనీ బస్సుల్లో వచ్చిన మగవాళ్లు. మధ్యలో ఒక పక్కగా మాకు చోటు దొరికింది. పక్కన ఎవరో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల భార్యలు. గోదారక్క ఊరుకోలేకపోయింది. పక్కనున్నావిడతో "వీళ్లు నా మీద పాట కట్టారండి, ఇవాళ పాడతారండి" అంది. ఆవిడ అవతలి వాళ్లకు చెప్పింది. వరసంతా ఆమె వైపు ఆసక్తిగా చూసింది. ఒకావిడ చేయి కలిపింది కూడా.

పాడే అతన్ని అప్పుడే మొదటిసారి చూశాను. నేననుకున్నదానికంటే పొట్టి. మెరిసే నీలం చొక్కా, నల్ల కళ్లద్దాలు. వెనక ఆరుగురు డాన్సు పిల్లలు. మైకు నోటికి దూరంగా ఉన్నప్పుడు కూడా పాట వినిపిస్తూనే ఉంది. మాటలు కట్టే అతను స్టేజి మీద లేడు. నాలుగో పాటో ఐదో పాటో అయ్యాక పాడే అతను చెయ్యెత్తి అరిచాడు.

"ఇగ మీరందరు ఎదురుసూత్తున్న పాట! గోదారి పిల్ల!"

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

డప్పులు, డీజే మోత మొదలైంది. కుర్చీ కింద నేల అదిరింది. ఒక డాన్సు పిల్ల తడి చీర ఒకటి పట్టుకుని దులుపుతూ ముందుకొచ్చింది.

*బంగ్ల మీద గోదారి పిల్లా,*
*బండి ఆపిన డ్రైవరు నేనే!*
*ఎవరండీ ఎవరండీ అనుకుంట*
*ఎందుకట్ల తొంగి సూస్తవే!*

వెనక వరసల్లో ఈలలు. మగవాళ్లంతా లేచి 'ఎవరండీ ఎవరండీ' అని గొంతులు కలిపారు. ఈ పాట వాళ్లకు ముందే తెలుసు. మాకే తెలియదు. రెండో చరణంలో మేడం నిద్రపోయింది, గేటు తీసిపెట్టు అన్నట్టు ఏదో ఉంది. నేను పూర్తిగా వినలేకపోయాను.

ఆమె మొదట చప్పట్లు కొట్టింది. మూడో నాలుగో చప్పట్ల దగ్గర చేతులు ఆగాయి. వాటిని ఒళ్లో పెట్టుకుంది. మా వరస మొత్తం ఇప్పుడు స్టేజి వైపు చూడటం లేదు, ఆమె వైపు చూస్తోంది. చేయి కలిపిన ఆవిడ పక్కామె చెవిలో ఏదో చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి పోదామంటే రెండు వైపులా జనం నిలబడి ఊగుతున్నారు. పాట అయ్యేదాకా అక్కడే కూర్చోవలసి వచ్చింది. అయ్యాక జనం అడిగారని మళ్లీ పాడారు.

ట్యాక్సీలో ఆమె కిటికీ వైపు కూర్చుంది. అజైబా దగ్గరపడుతుండగా మెల్లగా అడిగింది.

"ఆ డ్రైవరు ఎవరండి అక్కా? నేను ఎవళ్లనీ చూడలేదు కదండి."

"ఎవరూ లేరు మ్మే. ఊరికే కట్టినారు."

"ఊరికే ఎందుకు కడతారండి?"

నేను ట్యాక్సీకి ఇవ్వాల్సిన డబ్బు లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడో రోజు అతనే చేశాడు.

"అక్కా, ప్రోగ్రామ్‌కు వచ్చినవట కదా. మరి కలవకపోతివి?"

"ఏం పాట తమ్ముడూ అది? ఆమె నా పక్కనే కూర్చోని ఉండాది. ఆమె ముందరే పాడినావు."

"అరే. ఆమె ఉన్నదా?"

"ఉండాది. వరసంతా ఆమెనే చూసినారు. నిన్ను నమ్మి చెప్పినాను నేను."

"అక్కా, కోపం జేసుకోకు. గా పాత పాట పాడుతాంటె ఎవ్వలు పిలుస్తలేరు. ఏడుపు పాటలద్దు, జర ఊపున్నది పాడుమంటున్నరు. స్టూడియో అతనే మాటలు మార్పిచ్చిండు. నేను అద్దనే అన్న."

"మాటలు కట్టే అన్న ఏమన్నాడు?"

"ఆయన ఒప్పుకోలే. మాతోని మాట్లాడుతలేడు. దుక్మ్‌లనే ఉన్నడు, రాడ్లే కడ్తున్నడు." గొంతు కొంచెం పాతదిలా అయింది. "నేను సుత పదకొండేండ్లు కట్టిన అక్కా. ఎండల్ల ఇగ నాతోని కాదు. మళ్ల ఆ రూమ్‌కు పొమ్మంటవా?"

పొమ్మని అనలేకపోయాను. "ఆ పాట తీసేయించు తమ్ముడూ, అంతే" అన్నాను.

"చానల్ నా పేరు మీద లేదక్కా. అడిగి సూస్త."

అడిగాడో లేదో తెలియదు. నెల తిరక్కుండానే దానికి వీడియో వచ్చింది. డాబా, తడి బట్టలు, కింద కారు, గుండీలు విప్పుకున్న డ్రైవరు. చానల్‌లో పాత పాట కోసం వెతికితే కనపడలేదు. వెతికినప్పుడు రెండూ కనపడితే కొత్తదాన్ని చూసేవాళ్లు తగ్గుతారని తీసేశారని తర్వాత తెలిసింది. నా ఫోన్‌లో ఉన్నది ఫోన్ పాడైనప్పుడే పోయింది. గోదారక్క ఫోన్‌లో ఉన్నదాన్ని ఆమే తీసేసింది.

వాళ్ల ఊళ్లో గోదారక్క ఎవరో అందరికీ తెలుసు. ఆమే చెప్పింది కదా, ఇది నా పాట అని. పెళ్లి ఊరేగింపులో డీజే ఆ కొత్త పాట పెడితే, వాళ్ల ఇంటి ముందు కావాలని పది నిమిషాలు ఆపారట. మొగుడు ఫోన్ చేసి ఆ డ్రైవరుది ఏ ఊరని అడిగాడు.

"మీరు చెప్పండక్కా ఆయనకి. మీకే కదా అంతా తెలుసు" అంది డాబా మీద నుంచి. ఆ రోజు ముఖంలో నవ్వు లేదు. బట్టలు తీసి భుజం మీద వేసుకుంటూ నా వైపు చూడకుండా మాట్లాడింది.

నేను ఆమె మొగుడితో మాట్లాడాను. మొదటి పాట ఎలా పుట్టిందో, రెండోది ఎలా మారిందో, స్టూడియో సంగతి, అన్నీ చెప్పాను. అతను అడ్డుపడకుండా విన్నాడు. చివర్లో ఎంతో మర్యాదగా అన్నాడు. "మీరు ఆవిడ స్నేహితులు కదండి. మీరు అలాగే చెప్తారండి." ఫోన్ పెట్టేశాడు.

పాప ఫోన్‌కు రావడం మానేసింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. బడిలో పిల్లలు ఏమంటున్నారో ఆడపడుచు చెప్పలేదు. "దానికి మనసు బాలేదు వదినా, కొన్నాళ్లు వదిలెయ్" అందట.

గోదారక్క ఆ సంవత్సరం సెలవు తీసుకోలేదు. ఆ ఇంట్లో గడువు అయిపోయాక ఊరికి పోకుండా, మస్కట్‌కు గంట దూరంలో బర్కా అనే ఊళ్లో ఖర్జూరపు తోట ఉన్న ఒక కుటుంబం దగ్గర పనికి కుదిరింది. వెళ్లేముందు నాకు చెప్పలేదు. ఒకరోజు వాళ్ల డాబా మీద ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి బట్టలు తీస్తుంటే తెలిసింది.

నేను తప్పు ఎవరిదని చాలా రోజులు లెక్క వేశాను. పాడే అతని మీద వేస్తే ఆ ఎండలు గుర్తొచ్చేవి. ఆమె అందరికీ పంపకుండా ఉండాల్సింది అనుకుంటే, ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసేది. చివరికి ఎటు తిప్పినా నా దగ్గరికే వచ్చేది. డాబా మీద ఆమె నవ్వుతూ చెప్పింది నాకు. నేను దాన్ని ఇంకొకరికి ఇచ్చాను. మంచి పాట అవుతుందని ఇచ్చాను. అయింది కూడా. అది మంచి పాట కాబట్టే కదా అమ్ముకోవడానికి పనికొచ్చింది.

మా పెద్దావిడకు బర్కాలో బంధువుల తోట ఉంది. మరుసటి ఎండాకాలం ఖర్జూరాలు తెచ్చుకోవడానికి వ్యాన్‌లో వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్లారు. అక్కడ తోటలో పనిచేసే నిజామాబాద్ అతన్ని అడిగితే, గోదావరి ఆమె ఉండే ఇల్లు రెండు తోటల అవతలే అన్నాడు. పెద్దావిడను అడిగి నడిచి వెళ్లాను.

వెనక వంటింటి గుమ్మం దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, స్టూలు వేసింది. టీ పెట్టింది. చిన్న పళ్లెంలో అప్పుడే కోసిన ఖర్జూరాలు తెచ్చింది. నా పిల్లల చదువులు అడిగింది. పెద్దావిడ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగింది.

"పాప మాట్లాడతాందా?" అన్నాను.

"వాళ్ల నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడండి. పాప హాస్టల్లో ఉందండి." టీ గ్లాసు నా చేతికిచ్చింది. "పంచదార సరిపోయిందాండి?"

సరిపోయిందన్నాను. రుచి తెలియలేదు.

"నన్ను క్షమించు మ్మే" అన్నాను. ఆ మాట అనడానికి ఏడాది పట్టింది.

"మీ మీద కోపం లేదండి అక్కా. మీరు మంచికే చేశారు." కాసేపు తలుపు వైపు చూసింది. "మిమ్మల్ని చూస్తే మాత్రం ఆ హాలు గుర్తొస్తుందండి. ఆ ఆడాళ్లు గుర్తొస్తారండి. ఇంక రాకండి. ఏమీ అనుకోకండే."

ఖర్జూరాలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. నేను వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. స్నేహితురాలు దొరికిందా అని అరబ్బీలో అడిగింది. దొరికింది, బాగుంది అని చెప్పాను.

ఆ తర్వాత బర్కా వెళ్లే పని మూడుసార్లు పడింది. మూడుసార్లూ వ్యాన్‌లోనే కూర్చున్నాను.